నఖాహత్ కూడా హక్కే



మన ఇళ్ళల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది: "నొప్పి తగ్గిందిగా, ఇంకేంటి?" వినడానికి ఖైరియత్ అడిగినట్టే ఉంటుంది. నిజానికది ఫైసలా. నిన్నటి సెలవు నిన్నటితో ఖతం, ఇవాళ లే, పనిలో పడు అని చెప్పే ఫైసలా. ఈ మాటకి జవాబు చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. ఆధాసీసీ దిగిపోయిన మర్నాడు మనిషి తందురుస్త్ కాదు. ఆ రోజు కూడా బీమారీలో భాగమే. ఇంట్లో, కార్ఖానాలో, మస్జిద్‌లో మనం చెప్పుకునే మాటల్లో ఆ రోజుకి జాగా ఉండాలి. ఇవ్వకపోతే అది జులుం. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చాతకాదు.

ఇది ఎక్కడో విలాయత్ బీమారీ అనుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి మన కౌకూర్ నుంచే మొదలుపెడతాను. బొల్లారం, యాప్రాల్, హకీంపేట నడుమ ఉన్న ఊరు మనది. ఒక పక్క దర్గా, ఒక పక్క ఫౌజీల జాగా, మధ్యలో లేస్తున్న అపార్ట్‌మెంట్లు. పొద్దున్నే బండి మీద జీడిమెట్లకో మేడ్చల్‌కో షిఫ్టుకి పోయే మగవాళ్ళు, ఇంట్లో మిషన్ ముందు కూర్చుని కుర్తాలు, జాకెట్లు కుట్టే ఔరత్‌లు, అమెరికా టైముకి రాత్రంతా కంప్యూటర్ ముందు మేలుకునే పిల్లలు. నిద్ర చెడినా, పూట తప్పినా, ఎండ కొట్టినా తల పట్టేసేవాళ్ళు వీళ్ళల్లో ప్రతి గల్లీలోనూ దొరుకుతారు. పొరుగున కర్ణాటకలో, బెంగళూరు పట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 2,329 మంది పెద్దవాళ్ళని అడిగి చేసిన సర్వేలో, గడిచిన ఏడాదిలో మైగ్రేన్ ఉన్నవాళ్ళు 25.2 శాతం తేలారు. నలుగురిలో ఒకరు. ఆడవాళ్ళల్లో ఇంకా ఎక్కువ. దునియా మొత్తం మీద మనిషిని పనికి రాకుండా చేసే బీమారీల 2019 లెక్కలో మైగ్రేన్‌ది రెండో నంబరు, యౌవనంలో ఉన్న ఆడవాళ్ళల్లో మొదటి నంబరు. దస్తర్‌ఖాన్ చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటే ఇద్దరికి ఉండే బీమారీ ఇది. దీన్ని నఖరా అనడానికి ఎంత ధైర్యం కావాలి!

పేర్లు చూడండి. తెలుగులో పార్శ్వపు నొప్పి, అంటే ఒక పక్క నొప్పి. ఆయుర్వేదంలో అర్ధావభేదకం, సగాన్ని చీల్చేది. ఉర్దూలో ఆధాసీసీ. అరబ్బీలో, మన యునానీ తిబ్‌లో షకీఖా, అదీ చీలికే. గ్రీకువాళ్ళు హెమిక్రేనియా అన్నారు, సగం పుర్రె అని. ఆ మాటే నోళ్ళల్లో అరిగి అరిగి మైగ్రేన్ అయ్యింది. ఇన్ని జుబాన్‌లు, ఇన్ని మజహబ్‌లు, ఇంతమంది హకీములు. అందరూ తలలో సగాన్ని చూశారు, ఆ సగానికే పేరు పెట్టారు. రోజులు లెక్కపెట్టిన పేరు వీటిలో ఒక్కటీ లేదు. అందుకే మనమూ తల మాత్రమే చూస్తాం. తల నొప్పి ఆగిందా, బీమారీ ఆగినట్టే అనుకుంటాం.

దిమాగ్ డాక్టర్లు అలా అనుకోరు. వాళ్ళ లెక్కలో ఈ దౌరాకి నాలుగు మంజిల్‌లు. నొప్పికి ముందు గంటల్లో, ఒక్కోసారి రోజు ముందే, ఆవులింతలు, చిరాకు, మెడ పట్టేయడం. కొందరికి కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు. తర్వాత నొప్పి. దవా పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండొచ్చు. నాలుగోది నొప్పి వెళ్ళిపోయాక మిగిలేది. దాన్ని పోస్ట్‌డ్రోమ్ అంటారు. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ దీన్ని రాతపూర్వకంగా ఒప్పుకుంది: నొప్పి తీరాక 48 గంటల దాకా ఉండొచ్చని రాసింది. ఒళ్ళు అలసట, ధ్యాస నిలవకపోవడం, మెడ బిగుసుకోవడం. గబుక్కున వంగితే, దగ్గితే, తల తిప్పితే లోపల పాత నొప్పి నీడ కదిలినట్టు ఉండటం.

వాన వెలిసినా చూరు కారుతూనే ఉంటుంది కదా, అదీ సంగతి.

2016లో న్యూరాలజీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మైగ్రేన్ ఉన్న 120 మంది ఎలక్ట్రానిక్ డైరీలో ఏ రోజుకారోజు రాసుకున్నారు. 97 మందికి నొప్పి పోయాక కూడా ఏదో ఒక లక్షణం మిగిలింది. వందకి 81 మంది. అందులో ఇంకో రెండు సంగతులు తేలాయి, అవి మన ఇంటి పెద్దలు వినాలి. ఒకటి, నొప్పి ఎంత జోరుగా వచ్చిందన్నదానికీ ఆ తర్వాతి రోజు ఎంతసేపు సాగిందన్నదానికీ సంబంధం లేదు. "నిన్న అంత ఏం రాలేదుగా" అని మీరు తూకం వేయలేరు. రెండు, నొప్పికి గోలీ వేసుకోవడానికీ ఈ గంటలు ఎన్ని ఉంటాయన్నదానికీ సంబంధం లేదు. "గోలీ వేసుకున్నావుగా" అన్న సవాల్ కూడా చెల్లదు. ఒక తసల్లీ కూడా ఉంది: నూటికి 93 సార్లు, నొప్పి ఆగిన 24 గంటల లోపల మనిషి మామూలు అయిపోయాడు. అంటే బీమార్ మనల్ని అడిగేది నెల కాదు, వారం కాదు. ఒక్క రోజు. అది కూడా ఇవ్వలేకపోతున్నాం.

ఇవ్వకపోగా పేర్లు పెడతాం. మగవాడైతే కామ్‌చోర్. కోడలైతే బహానాబాజ్. పెళ్ళికాని పిల్లైతే నజర్ తగిలింది, మిరపకాయలు దిగదీయండి, తావీజ్ కట్టండి. దువా చేయండి, నాకేం ఏతరాజ్ లేదు. షిఫా ఇచ్చేది అల్లాహ్. కానీ దువా ఊది వెంటనే ఆ పిల్ల చేతికి చీపురు ఇస్తారు చూడండి, దాని మీద నా ఏతరాజ్. ఆ రోజు ఆ పిల్ల కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. బియ్యం ఎన్ని గ్లాసులు పోసిందో మరిచిపోతుంది. పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది. హకీంపేట విమానం పైనుంచి పోతే ఉలిక్కిపడుతుంది. మనం దాన్ని దిమాక్ అంటాం, పొగరు అంటాం. అది దిమాగ్ ఇంకా కోలుకుంటున్న నిశానీ అని మనకి తట్టదు.

ఎందుకు తట్టదు? మాట లేక అనుకుంటారేమో. మాట ఉంది. నఖాహత్. బీమారీ దిగాక ఒంట్లో మిగిలే కమ్‌జోరీకి ఉర్దూలో ఇంత సాఫ్ మాట ఉంది. ఆ హాల్‌లో ఉన్న మనిషిని నాఖిహ్ అంటారు. యునానీ కితాబుల్లో నాఖిహ్ ఏం తినాలి, ఎంత నడవాలి, ఎలా పడుకోవాలి అని విడిగా రాస్తారు. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీ పెట్టుకున్న షహర్ మనది. ఆ మాట మనకి పరాయిది కాదు, మనం పారేసుకున్నది.

అంతకన్నా పెద్ద దలీల్ ఉంది. తిర్మిజీలో, అబూ దావూద్‌లో ఉమ్మె ముంజిర్ రజియల్లాహు అన్‌హా చెప్పిన ఒక హదీస్ ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం హజ్రత్ అలీతో కలిసి ఆమె ఇంటికి వచ్చారు. ఖర్జూర గెలలు వేలాడుతున్నాయి. రసూల్ తింటున్నారు, అలీ కూడా చెయ్యి వేశారు. రసూల్ ఆయన్ని ఆపారు, నువ్వు ఇంకా నాఖిహ్‌వి అని గుర్తు చేసి. ఆమె ఆకుకూర, జొవ్ కలిపి వండి తెస్తే, ఇది నీకు మంచిది, ఇది తిను అన్నారు. గమనించండి. అలీ అప్పటికి పక్క మీద లేరు. లేచి, నడిచి, ఒకరి ఇంటికి వచ్చిన మనిషి. బయటికి చూస్తే తందురుస్త్. అయినా రసూల్ ఆయన్ని తందురుస్త్ లెక్కలో వేయలేదు. "లేచావుగా, ఇంకేంటి?" అనలేదు. బీమార్‌కీ తందురుస్త్‌కీ మధ్య ఒక మెట్టు ఉందని ఒప్పుకున్నారు, ఆ మెట్టుకి తగిన గిన్నె ముందు పెట్టించారు. సున్నత్ అని గడ్డం పొడవు దగ్గర, పైజామా పొడవు దగ్గర ఇంత బహస్ చేసే మనం ఈ సున్నత్‌ని ఎక్కడ వదిలేశాం?

రసూల్‌కే షకీఖా ఉండేది. ఇహ్‌రామ్‌లో ఉండగా ఆ నొప్పికి తలకి హిజామా చేయించుకున్నారని బుఖారీలో ఉంది. మీరూ వెళ్ళి హిజామా చేయించుకోండి అనడానికి ఇది చెప్పడం లేదు. ఇహ్‌రామ్ అంటే ఎంత పాబందీ ఉన్న హాలో మీకు తెలుసు. ఆ హాల్‌లో కూడా తలనొప్పిని తలనొప్పిగా ఒప్పుకుని ఇలాజ్ చేయించుకున్నారు. ఈమాన్ గట్టిగా ఉంటే తలనొప్పి రాదు అనే బయాన్‌బాజ్‌లు ఈ హదీస్ చదివి మాట్లాడాలి.

ఇక సబర్. మన ఆడవాళ్ళ మీద మనం ఎక్కువగా విసిరే రాయి ఇదే. సబర్ చేయి బేటీ, అజ్ర్ దొరుకుతుంది. సబర్ అంటే అల్లాహ్ మీద షికాయత్ లేకుండా ఉండటం. అత్తగారి ముందు అబద్ధం ఆడటం కాదు, "నాకేం లేదు" అంటూ పొయ్యి ముందు తూలటం కాదు. దీన్ మనకి రుఖ్సత్ అనే దర్వాజా పెట్టింది. నిలబడి నమాజు చదవలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకి పడుకుని చదవమని రసూల్ ఇమ్రాన్ బిన్ హుసైన్‌కి చెప్పారు. ఆయనకి ఉన్న బీమారీ ఏంటో తెలుసా? బవాసీర్. మొలలు! ప్రాణం తీసే రోగం కాదు, బయటికి కనపడే రోగం కూడా కాదు. దానికే ఇంత రుఖ్సత్. రోజాలోనూ అంతే, సూరా బఖరా 184, 185 ఆయతులు బీమార్‌కి వేరే రోజుల్లో లెక్క పూర్తి చేసుకోమన్నాయి. ఫర్జ్ ఇబాదత్‌లోనే అల్లాహ్ ఇన్ని మెట్లు పెడితే, రోటీలు చేయడంలో, కుర్తా కుట్టడంలో, ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబడటంలో మనం ఒక్క మెట్టు కూడా ఎందుకు పెట్టం? మన దగ్గర రెండే ఖానాలు. పడుకుంటే బీమార్, లేస్తే మజ్దూర్.

మన తహజీబ్‌కి ఇది చాతకాదని కాదు. జ్వరం వచ్చి తగ్గితే పథ్యం పెట్టని తెలుగిల్లు ఉందా? బీరకాయ, పొట్లకాయ, మెత్తటి అన్నం, మూడు రోజులు స్నానం వద్దు, గాలికి తిరగొద్దు. కాన్పు అయితే మన ఇళ్ళల్లో నలభై రోజుల చిల్లా. జ్వరం దిగిన మర్నాడు పిల్లాణ్ణి బడికి పంపితే పక్కింటి ఖాలా కూడా తిడుతుంది. కోలుకునే రోజుకి ఇజ్జత్ ఇవ్వడం మనకి బాగానే తెలుసు. తలకి మాత్రం ఇవ్వం. ఎందుకంటే థర్మామీటర్ ఎక్కదు, కట్టు ఉండదు, ఎక్స్‌రేలో పడదు. కనపడని దాన్ని నమ్మడమే ఈమాన్ అని చెప్పుకునే మనం, ఇంట్లో మనిషి కనపడని బాధ చెప్తే మాత్రం సబూత్ అడుగుతాం.

సర్కార్ కూడా మన అత్తగారి లాంటిదే. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఇ.ఎస్.ఐ. చట్టం జబ్బుపడ్డ మజ్దూర్‌కి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇప్పించేది. మంచిదే. అయితే అదే చట్టం 49వ సెక్షన్ జబ్బులో మొదటి రెండు రోజులకి ఏమీ ఇవ్వొద్దని రాసింది. ముందటి జబ్బుకి డబ్బు తీసుకుని పదిహేను రోజుల లోపలే మళ్ళీ పడితే తప్ప. మొదటి రెండు రోజులు! ఒక రోజు నొప్పి, ఒక రోజు నఖాహత్. ఆధాసీసీ సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే వచ్చి, ఆ రెండు రోజుల్లోనే పోతుంది. ఈ బీమారీ కోసమే కొలిచి కోసినట్టుండేది ఆ రూలు. అదే ఏడాది వచ్చి, 2025 దాకా నడిచిన ఫ్యాక్టరీల చట్టంలో జబ్బు సెలవు అని విడిగా ఏదీ ఉండేది కాదు. 240 రోజులు పనిచేసినవాడికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు సెలవు ఉండేది. పెళ్ళికైనా, మయ్యత్‌కైనా, ఈద్‌కైనా, తలనొప్పికైనా అదే మూట విప్పుకోవాల్సి వచ్చేది. నెలకి రెండుసార్లు దౌరా వచ్చేవాడికి ఆ మూట ఎన్నాళ్ళు వచ్చేది? అందుకే వాడు నొప్పి రోజు ఎలాగో ఆగి, రెండో రోజు మిషన్ ముందు నిలబడతాడు. ధ్యాస నిలవని రోజు, చెయ్యి మిషన్‌లో పెట్టే పని. ఇది వాడి బహాదురీ కాదు. మన బేఇన్సాఫీ.

"ఇలా అయితే అందరూ తలనొప్పి అంటారు" అనే సేఠ్‌లకి ఒక మాట. నొప్పి లేనివాడు అబద్ధం ఆడాలనుకుంటే కడుపునొప్పి అని కూడా ఆడతాడు, దానికి మీ ఇజాజత్ అక్కర్లేదు. నిజంగా ఉన్నవాడు డైరీ చూపిస్తాడు, ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆగింది, మర్నాడు ఎలా ఉంది. అతణ్ణి ఇంటికి పంపకపోయినా సరే. రెండో రోజు కూర్చుని చేసే పని ఇవ్వండి, మిషన్ మీద కాకుండా లెక్క మీద పెట్టండి, చప్పుడు తక్కువున్న మూల చూపించండి. నమాజులో ఉన్న మెట్టు అదే. నిలబడలేనివాణ్ణి కూర్చోనివ్వండి.

"దిన్ కూలీకి రెస్ట్ ఎక్కడిది భాయ్?" అనేవాళ్ళ మాట మాత్రం నిజం. రోజు కూలీకి రెండో రోజు ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు. వాడికి నఖాహత్ అనే మాట నేర్పి నేను చేతులు దులుపుకోలేను. కానీ వాడికి దొరకదు కాబట్టి ఎవరికీ వద్దు అనడం ఏం ఇన్సాఫ్? అడగాల్సింది ఇటువైపు: అలాంటి మొదటి రెండు రోజుల రూలు ఎందుకు ఉండాలి అని. మన కౌమ్‌లో జకాత్ లెక్కలు చూసే కమిటీలు ఉన్నాయి. పెద్ద ఆపరేషన్‌కి చందాలు ఇస్తారు, అల్‌హమ్‌దులిల్లాహ్. రెండు రోజుల కూలీ పోయిన ముస్తహఖ్‌కి ఇవ్వడం కూడా వాళ్ళ ఖాతాలో చేరితే ఎవరూ బీదవాళ్ళు అయిపోరు.

చేతనైనవాళ్ళు ఆ రెండో రోజు ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. నీళ్ళు తాగండి, నొప్పి రోజు వాంతులైతే ఇంకా ఎక్కువ. ఆకలి లేకపోయినా పూట తప్పకండి. కిచిడీయో, మజ్జిగ అన్నమో, ఏదో తేలికది. ఎండలోకి, గోలలోకి తొందరపడి పోకండి. నిద్ర వస్తే పడుకోండి, కానీ రాత్రి నిద్ర చెడేంత కాదు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకోండి. పైసల లెక్కలు, ముఖ్యమైన కాగజాత్ మర్నాటికి వాయిదా వేయండి. ధ్యాస నిలవడం లేదనిపిస్తే బండి తాళాలు ఇంకొకరికి ఇవ్వండి, లేకుంటే ఆటో ఎక్కండి. సజ్దాకి వంగితే తల తిరుగుతోందా? ఇషారాతో చదవడం గురించి మీ ఇమామ్ సాబ్‌ని అడగండి, సిగ్గుపడకండి.

అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన ఆ బరువు పోవడానికి గోలీ మీద గోలీ వేసుకోకండి. మామూలు నొప్పి గోలీలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్‌లూ రెండు మూడు మందులు కలిపిన గోలీలూ 10 రోజులు, మూడు నెలలు దాటి ఇలా సాగితే ఆ గోలీలే కొత్త తలనొప్పి తెస్తాయి. మెడికల్ షాపువాడు ఇది చెప్పడు, వాడి గల్లా చెప్పనివ్వదు. నెలకి నాలుగైదు సార్లు దౌరా వస్తుంటే దవాఖానాకి పోండి, రాకుండా ఆపే మందులు ఉన్నాయి. డాక్టర్ ముందు నొప్పి రోజులే కాదు, మర్నాటి రోజులు కూడా లెక్క చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. ఒక్క ఎచ్చరిక: జ్వరంతో మెడ బిగుసుకుంటే, ఒక్క క్షణంలో పిడుగులా నొప్పి పడితే, మూతి వంకరపోయినా చెయ్యి పడిపోయినా మాట తడబడినా, అది నఖాహత్ అని పడుకోవద్దు. వెంటనే పెద్ద దవాఖానాకి.

మర్నాడు ఇంట్లోవాళ్ళు చేయాల్సింది ఇంకా తక్కువ. టీవీ చప్పుడు తగ్గించండి. పొయ్యి దగ్గర ఒక పూట ఇంకొకరు నిలబడండి, మగవాళ్ళు నిలబడినా రోటీ గుండ్రంగానే కాలుతుంది. సబూత్ అడగకండి. ఉమ్మె ముంజిర్ ఇంట్లో ఆ రోజు వండింది ఆకుకూర, జొవ్. అంతకన్నా ఖరీదైనది మీ నుంచి కూడా ఎవరూ అడగడం లేదు.

వస్సలాం.